బండి కూర్చోలేదు

కంది,
ఆదివారం.

అమ్మకు వందనాలు.

పోయిన నెల పదో తేదీ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, సుల్తాన్‌పూర్ దాటాక సర్వీసు రోడ్డు మలుపులో, మన పికప్ వెనుక ఇరుసు విరిగి పెద్దరాములు చనిపోయాడు. తమ్ముడు స్టాన్లీ నీకు చెప్పిన "ఎవరో తెలియని మనిషి" ఆయనే. మిగతా అందరం క్షేమం. క్షేమం అన్న మాట ముందు రాసి ఆయన పేరు తరువాత రాయడం నాకు చేతకాలేదు. అందుకే ఈసారి వరుస మారింది.

ఇది చదివేటప్పుడు చెల్లి సిల్వియాను పక్కన కూర్చోబెట్టుకో. నీకు వినికిడి పూర్తిగా పోయాక, ఫోన్లో నీకు ఏం చెప్పాలన్నా సిల్వియా నోటితోనే చెప్పాలి. స్టాన్లీ తన మాట అలాగే చెప్పించాడు. నా మాట ఇంకొకరి నోటి మీదుగా నీకు చేరకూడదనే నాగ్‌పూర్‌కు ఉత్తరం రాస్తున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. స్టాన్లీ ఎడమ చేతి కట్టు విప్పారు. వేళ్ళు ఆడుతున్నాయి. బోరు మోటారు బాగు చేయించాను, నీళ్ళు వస్తున్నాయి. నువ్వు నాటిన మునగకు గొంగళి పురుగు పట్టింది. కొమ్మలు కొట్టించాను, మళ్ళీ చిగురు వేసింది. స్త్రీల సమాజం వాళ్ళు నువ్వు ఎప్పుడు వస్తావని అడుగుతున్నారు. బండి బాగైందా అని అడిగావు. కాలేదు. పోలీస్ స్టేషన్ ఆవరణలో ఒక పక్కకు ఒరిగి ఉంది. దాన్ని బాగు చేయించే ఆలోచన ఎవరికీ లేదు.

ఇక నువ్వు కింద గీత గీసి అడిగిన ప్రశ్న. స్టాన్లీ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టుకుంటే భోజనం చేయకుండా ఎందుకు వెళ్ళిపోయావు, తమ్ముడు బతికి బయటపడినందుకు దేవునికి స్తోత్రం చెప్పే తీరిక కూడా లేదా అని. తీరిక ఉంది. జవాబు చెప్పాలంటే కమాన్ పట్టీల దగ్గర మొదలుపెట్టాలి.

నాన్న నడిపిన రోజుల్లో ఆ బండి మందుల కంపెనీల అట్టపెట్టెలు మోసేది. చూడడానికి ఎత్తుగా ఉండేవి, బరువు ఉండేది కాదు. నాన్న పోయాక ఆ కిరాయిలు కొత్త బండ్లు ఉన్నవాళ్ళకు పోయాయి. స్టాన్లీకి మిగిలింది నరసరాజు ఒక్కడే. బొంతపల్లి దగ్గర ఇనుము పోత పోసే ఫ్యాక్టరీ నుంచి పటాన్‌చెరుకు సరుకు చేర్చే కాంట్రాక్టు ఆయనది. పోత ఇనుము కంటికి ఏమీ ఆనదు. ట్రాలీ సగం కూడా నిండదు, వెనక మాత్రం నేలకు దిగుతుంది. వెనక దిగితే ముందు చక్రాలకు పట్టు ఉండదు. స్టీరింగ్ తేలిపోతుంది. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మల మీద పడతాయి. ట్రాఫిక్ పోలీసు దూరం నుంచే గుర్తుపట్టి చెయ్యి అడ్డం పెడతాడు. స్టాన్లీ ఇబ్బంది నిజమైనదే. అది నేను కాదనను.

లోడు ఎత్తేవాళ్ళకు మాత్రం ఆ దిగడమే కాంటా. పెద్ద లారీలను తూకం వేస్తారు, చిన్న బండ్లను ఎవరూ వేయరు. పెద్దరాములు వంగి, ఇరుసుకూ దాని పైన ఉన్న ఛాసిస్‌కూ మధ్య చెయ్యి అడ్డంగా పెట్టేవాడు. నాలుగు వేళ్ళు పట్టినంతసేపు లోడు ఎక్కుతుంది. వేళ్ళు పట్టకపోతే లేచి నిలబడి "కూసుంది" అనేవాడు. ఆ మాట తరువాత ఒక్క ముక్క ఎక్కదు. డ్రైవర్ బతిమాలినా, కాంట్రాక్టరు అరిచినా ఎక్కదు. అక్కడి హమాలీల కట్టుబాటు అది. కూర్చున్న బండిలో ఇంకో ముక్క పెట్టినవాణ్ణి మరునాడు జట్టులోకి రానివ్వరు. నాన్న ఈ బండి కొన్న నాటి నుంచి దీనికి ఆ మాట చెప్పింది పెద్దరాములే. సమాధి దగ్గర నాన్న పెట్టెను ఇదే బండిలోంచి దించినప్పుడు తల వైపు పట్టింది కూడా ఆయనే. నీకు గుర్తుండే ఉంటుంది. "టీచరమ్మ చాయ్ పోస్తె పాఠం ఫిరీ" అని నిన్ను ఏడిపించేవాడు.

నరసరాజుకు ఈ కట్టుబాటు గిట్టేది కాదు. స్టాన్లీ నాకు చెప్పిన మాటలివి: "నీ బండి ముసల్ది ఐంది స్టాన్లీ. ఊకె కూసుంటది. పెద్దరాములు ఏలు సూసి నేను సరుకు పంపాల్నా? నిలవడే బండి తీస్కరా, లేకుంటె ఇంకోణ్ణి సూసుకుంట."

కొత్త బండి కొనే స్తోమత స్టాన్లీకి లేదు. వానలు మొదలయ్యే ముందు పటాన్‌చెరులో కమాన్ పట్టీలు వేసే ప్రభాకర్ దుకాణానికి వెళ్ళాడు. వెనుక చక్రాల దగ్గర విల్లులా వంగి, ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండే ఉక్కు పట్టీలు నువ్వు చూసినవే. రెండు వైపులా అదనపు పట్టీలు వేయించాడు. వాటి మీద లావు రబ్బరు దిమ్మలు పెట్టించాడు. ఆ రోజు నా స్కూటీ రిపేరుకు ఇచ్చి స్టాన్లీతోనే ఆఫీసుకు బయలుదేరాను. కాబట్టి ఇది విని రాస్తున్నది కాదు.

ప్రభాకర్ పట్టీలు బిగించే ముందే చెప్పాడు. "ఇగో తమ్మీ, ముందుగాల్నే జెప్తున్న. పట్టీలు ఏస్తె బండి సక్కగ నిలవడ్తది. గంతే. ఇరుసు గదే, బ్రేకులు గవే. ఎక్కువ మొయ్యనీకె గావు ఇవి."

"మరి దేనికన్నా? షోకుకా?" అన్నాడు స్టాన్లీ.

"మోసేదే సక్కగ మొయ్యనీకె. బండి కాగితం మీద ఎంత బరువుంటె గంతే ఎక్కియ్."

"నువ్వు ఎయ్యన్నా. ఎక్కిచ్చుడు నేను సూసుకుంట."

ప్రభాకర్ నా వైపు తిరిగాడు. "మేడం, మీరన్న జెప్పుండ్రి. పేపర్ల అచ్చేస్తెనన్న వింటడేమో."

దారిలో నేను చెప్పాను. స్టాన్లీ నవ్వాడు. "అక్కా, నువ్వు వార్తలు నడుపు. బండి నేను నడుపుత."

ఆ తరువాత బండి కూర్చోలేదు. ఎంత ఎక్కించినా వెనక దిగలేదు. పోలీసు ఆపలేదు, నరసరాజు తిట్టలేదు, హెడ్‌లైట్లు రోడ్డు మీదే పడ్డాయి. పెద్దరాములు చెయ్యి పెట్టి చూసేవాడు. నాలుగు వేళ్ళు పట్టేవి. ఎత్తించేవాడు. మళ్ళీ పెట్టేవాడు. మళ్ళీ పట్టేవి. ఎవరూ ఆయనకు అబద్ధం చెప్పలేదు. ఆయన నమ్మిన కాంటా కింద రబ్బరు దిమ్మ పెట్టారు, అంతే.

పదో తేదీన బండిలో ఉన్న సరుకును పోలీసులు తరువాత తూకం వేయించారు. కాగితం మీద ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు ఉంది. ఆ ఉదయం స్టాన్లీ పక్క సీట్లో నరసరాజు మనిషి కూర్చున్నాడు. ఎప్పుడూ అది పెద్దరాములు కూర్చునే చోటు. ఆ రోజు ఆయన వెనక, ఇనుము మీద కూర్చున్నాడు. మలుపులో ఇరుసు విరిగి చక్రం ఊడింది. బండి ఆ పక్కకు పడింది. సరుకు ఆయన మీద పడింది. నరసరాజు మనిషి మోచేతికి గీసుకుంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు తాను ఆ బండిలో లేనే లేనని అంటున్నాడు.

ఆ రోజు నేను ఆఫీసు పని మీద జహీరాబాద్‌లో ఉన్నాను. మరునాడు మా పేపర్లోనే నాలుగు లైన్ల వార్త వచ్చింది: లిఫ్ట్ అడిగి పికప్ ఎక్కిన వ్యక్తి, వాహనం అదుపు తప్పి బోల్తా పడడంతో మృతి. స్టేషన్ నుంచి వచ్చిన నోటును ఉన్నదున్నట్టు వేశారు. ఆ నోటుకు ఆధారం స్టాన్లీ చెప్పిన మాట. ఇరవై ఏళ్ళుగా నేను రాసిన ప్రమాద వార్తల్లో కూడా "అదుపు తప్పి" అనే ఉంటుంది. ఎవరి అదుపు అని మేం రాయం.

సవరణ వేయమని అడిగాను. డెస్క్ ఇన్‌ఛార్జి ఒప్పుకోలేదు. "కేసు మీ తమ్ముడి మీద ఉంది. ఈ వార్త మీరు ముట్టుకోవద్దు" అన్నాడు. అది సరైన నియమం. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.

లిఫ్ట్ అన్న మాట వల్ల ఏమవుతుందో నీకు చెప్పాలి. సరుకు బండిలో లిఫ్ట్ అడిగి ఎక్కినవాడు పోతే బీమా వర్తించదు. పని మీద ఎక్కిన హమాలీ పోతే వర్తిస్తుంది. పెద్దరాములు భార్య ఎంకమ్మకు ఏదైనా వస్తుందా, ఏమీ రాదా అన్నది ఆ ఒక్క మాట మీద ఉంది.

ఇప్పుడు కూడిక సంగతి. పాస్టరు గారు మంచి ప్రార్థనే చేశారు. ఈ కుటుంబానికి ప్రాణనష్టం కలగకుండా కాపాడినందుకు స్తోత్రం అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. పాస్టరు గారిని తప్పుపట్టను, ఆయనకు చెప్పింది అంతే. పెద్దరాములు పేరు ఎవరూ ఎత్తలేదు. కింద చాపలు పరిచి బిర్యానీ వడ్డిస్తుంటే నేను స్టాన్లీ పక్కకు వెళ్ళి అడిగాను. "రేపు పెద్దరాములు కాక దినాలు. బొంతపల్లి పోదామా?"

నీ కోడలు ప్రేమలత చేతిలో గిన్నె పట్టుకుని మా మధ్యకు వచ్చింది.

"పోయి ఏం జెప్పాలె వదినా? నేనే సంపిన అని జెప్పాల్నా?"

"సంపిన అని గాదు ప్రేమా. మా మనిషి అని జెప్పాలె."

"మీ మనిషి ఈడ కట్టు కట్టుకొని కూసున్నడు. ఈయన మొఖం ఒక్కపారి సూసిండ్రా? జిల్లాల అందర్ని పేపర్ల కెక్కిచ్చిండ్రు. ఇగ ఇంటోళ్ళే మిగిలిండ్రా?"

చాపల మీద కూర్చున్నవాళ్ళు తినడం ఆపారు. స్టాన్లీ తల వంచుకుని, "అక్కా, అన్నం తిని పో" అన్నాడు.  నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. నీ ప్రశ్నకు జవాబు ఇది.

మరునాడు ఒక్కదాన్నే బొంతపల్లి వెళ్ళాను. ఎంకమ్మ నన్ను గుర్తుపట్టింది. "నువ్వు టీచరమ్మ పెద్దబిడ్డవే గద. కూసో" అంది. ఏడవలేదు. పక్కన ఆడవాళ్ళు ఏడుస్తుంటే చిరాకు పడింది. "ఊకోండ్రే, జెర మాట్లాడనియ్యుండ్రి" అని కసిరింది.

తరువాత నాతో ఇలా అంది: "లిఫ్టు అడిగిండని పేపర్ల రాసిండ్రంట. మా తమ్ముడు సదివి జెప్పిండు. పొద్దుగాల్ల జొన్నరొట్టె, పచ్చిపులుసు గట్టిచ్చిన బిడ్డా. లిఫ్టు అడిగెటోడు టిఫిన్ గట్టుకొని పోతడా?"

 ఆమె ఆగలేదు. "కొత్త పట్టీలు ఏసిన్నాడు ఇంటికొచ్చి ఒక్కటే నవ్వుడు. 'ఇరుసు మీద ఆరు ఏళ్ళు వట్టే జాగ ఉందే, దేవుడు నా చెయ్యికి అయిదే ఇచ్చిండు' అన్నడు. 'నీ లెక్కనే ఐంది బండి, ఎంత మోసినా నడుము వంగది' అని నన్ను ఎక్కిరిచ్చిండు. గట్టి బండి అనుకున్నడు బిడ్డా. గట్టిదే అనుకున్నడు."

ఆ టిఫిన్ నేను చూశాను. స్టేషన్ ఆవరణలో బండి సీటు వెనక, ఆయన ఎప్పుడూ పెట్టే చోటే ఉంది. మూత తీయలేదు. అక్కడున్న కానిస్టేబుల్‌ను అడిగితే, "డ్రైవర్దేమో మేడం" అన్నాడు. స్టాన్లీ జొన్నరొట్టె తినడని నీకు తెలుసు.

అమ్మా, నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. ఏమి జరిగినా తమ్ముడికి విరోధంగా నోరు తెరవకు, నాన్న లేని ఇంటికి వాడే దిక్కు అని. నీ ఉత్తరం నాకు అందేసరికే నోరు తెరిచాను. మొన్న బుధవారం స్టేషన్‌కు వెళ్ళి ఎస్సైకి మూడు విషయాలు చెప్పాను. పెద్దరాములు మన బండి హమాలీ అనీ, ఏళ్ళ తరబడి రోజూ దానితోనే పని చేశాడనీ చెప్పాను. ప్రభాకర్ దుకాణంలో విన్నది చెప్పాను. మూడోది నాకూ స్టాన్లీకీ మధ్య జరిగిన మాట. దాన్ని ఇప్పటిదాకా నీకు రాయకుండా ఆపాను.

జహీరాబాద్ నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. స్టాన్లీ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చేతికి అప్పుడే కట్టు కట్టారు. నేను ఒక్కటే అడిగాను. "ఇరుసు పాతదే అన్న ముచ్చట కాకకు జెప్పినవా?"

స్టాన్లీ నా వైపు తిరగలేదు. "జెప్తె ఎక్కిస్తడా అక్కా?" అన్నాడు.

తరువాత చాలాసేపు ఏడ్చాడు. నేను తల నిమురుతూ కూర్చున్నాను. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కాక అంటే వాడికి ప్రేమే. చిన్నప్పుడు ఆయన భుజం మీద ఎక్కి బడికి పోయినవాడే. కానీ ఆ మాట వాడు అన్నాడు, నేను విన్నాను. పెద్దరాముల్ని అడిగితే "కూసుంది" అంటాడని తెలిసే, ఆ మాట ఆయన నోట రాకుండా చేసుకున్నాడు. ఇంకెవరి గురించైనా అయితే ఈ ఒక్క వాక్యంతోనే వార్త మొదలుపెట్టేదాన్ని. తమ్ముడు అక్కతో ఏడుస్తూ అన్న మాటను పోలీసుల ముందు పెట్టవచ్చా అని నువ్వు అడుగుతావు. పెట్టకూడదని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ బొంతపల్లి వెళ్ళలేదు.

ఎస్సై అంతా రాసుకుని, "ఆలోచించుకోండి మేడం, తరువాత మాట మారిస్తే బాగుండదు" అన్నాడు. ఆలోచించుకున్నానని చెప్పాను. స్టేషన్ బెయిలు మీద ఇంట్లో ఉన్న స్టాన్లీకి ఆ సాయంత్రానికే తెలిసింది. నా ఫోను ఎత్తడం లేదు. నరసరాజు మాత్రం నాకే ఫోను చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "అక్కా, మీరు సదువుకున్నోళ్ళు. హమాలోడే ఎక్కించుకున్నడు, హమాలోడే పోయిండు. మధ్యల మనకెందుకు పరేషాన్?" అన్నాడు. కేసు కాగితాల్లో ఇప్పటికీ ఆయన పేరు లేదు. నా వాంగ్మూలంలో ఉంది. ఉండి ఏమవుతుందో తెలియదు. ఇలాంటి కేసుల్లో కాంట్రాక్టరు దాకా పోయినవి నా ఉద్యోగంలో ఎక్కువ చూడలేదు.

ఇక నీకు సంబంధించినది. దీన్ని చివరికి పెట్టింది దాచడానికి కాదు, ముందే రాస్తే మిగతాది చదవవని.

నాన్న పోయాక బండిని నీ పేరు మీదికి మార్చాం. కాగితాల ప్రకారం యజమాని నువ్వు. పెద్దరాములు లిఫ్ట్ అడిగినవాడైతే నీకు ఏ నోటీసూ రాదు. హమాలీ అయితే ఎంకమ్మ వేసే దావాలో ఎదురు పక్షం మొదటి పేరు నీదే అవుతుంది: సుకుమారి, భర్త కీర్తిశేషులు సొలొమోను, రిటైర్డ్ టీచర్. బీమా కంపెనీ ముందు ఆమెకు కట్టి, బండిలో మార్పులు చేశారు, బరువు మించింది అని చూపించి, ఆ మొత్తాన్ని నీ దగ్గర రాబట్టుకునే అవకాశం ఉందని వకీలు చెప్పాడు. తప్పదని అనలేదు, ఉందని అన్నాడు. నీ పేరు మీద ఇంకా మిగిలి ఉన్నది నేను కూర్చుని ఇది రాస్తున్న ఈ కంది ఇల్లు.

అంటే స్టాన్లీ ఆ అబద్ధం తన కోసం మాత్రమే ఆడలేదు. నిన్న ప్రేమలత గేటు బయట నిలబడి, లోపలికి రాకుండానే ఆ మాట అంది. "అత్తమ్మ ఇల్లు వోతది. గదన్న సూడుండ్రి." అది నిజం. నేను ఇప్పటిదాకా రాసినవాటిలో ఏదీ ఆ మాటను అబద్ధం చేయదు. నా వాంగ్మూలం వల్ల తమ్ముడు జైలుకు పోవచ్చు, అమ్మ ఇల్లు పోవచ్చు. ఈ రెండూ తెలిసే చెప్పాను.

నీకు కోపం వస్తుంది. రానీ. నాతో మాట్లాడకపోతే అర్థం చేసుకుంటాను. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను. నోటీసు వచ్చాక వకీలు ఎవరైనా నీ దగ్గరికి వచ్చి, పెద్దరాములు ఎవరో నాకు తెలియదని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటాడు. ఏం చేయమని నేను చెప్పను. ఆయన నీ చేతి చాయ్ ఎన్నేళ్ళు తాగాడో నాకంటే నీకే బాగా తెలుసు.

గురువారం ఉదయం పదిన్నరకు సంగారెడ్డి కోర్టులో మెజిస్ట్రేట్ ముందు నా వాంగ్మూలం ఉంది. ఈ ఉత్తరం మంగళవారానికి నీకు చేరుతుంది. ముందుగా పంపింది నువ్వు ఆపుతావని కాదు, నోటీసు కంటే ముందు నీకు నా చేతిరాత అందాలని. ఎంకమ్మ కూడా వస్తానంది. మొదటి బస్సుకే బయలుదేరుతుందట. లోపలికి పిలిచాక నా పేరు అడుగుతారు, తండ్రి పేరు అడుగుతారు, నిందితునికి ఏమవుతారని అడుగుతారు. అక్కనని చెబుతాను. ఆ తరువాత బండి గురించి అడుగుతారు.

ఇట్లు,
స్టాన్లీకి అక్క, నీ పెద్దబిడ్డ,
క్యాథరిన్